చాళ్లు పూడిపోయాయని మొక్కు తీర్చుకున్నారు: ఒక కేస్ స్టడీ

ఆయన వయసు 72. వంశధార ఒడ్డున ఊరు, మూడెకరాల పల్లం, కాస్త మెట్ట, రెండు గేదెలు. శ్రావణంలో ఒక సోమవారం పొద్దున్నే కొడుకూ మనవడూ చెరో రెక్కా పట్టుకుని శ్రీకాకుళంలో నా క్లినిక్‌కి నడిపించుకొచ్చారు. ముందు రోజు రాత్రి అన్నం తింటుంటే కుడి చేతిలోంచి ముద్ద రెండుసార్లు కంచంలోకి జారిపోయిందట. పక్షవాతం మొదలైందేమోనని వాళ్ల టెన్షన్. బుర్ర సంగతి ఎత్తితే మాత్రం మనవడు ధీమాగా ఉన్నాడు. ఫైలు నా ముందుకు జరిపి, "స్కాన్ బాగుంది సార్. అయిదు రోజుల కిందటే తీయించాం. ఇంతకుముందున్న పగుళ్లన్నీ పూడిపోయాయని వచ్చింది" అన్నాడు.

రిపోర్టు తీసి చదివాను. మెదడు ఎడమ పక్క ఫ్రంటల్, పెరైటల్ భాగాల్లో సల్కై (సల్కస్‌కి బహువచనం, మెదడు మీది చాళ్లు) ఎఫేస్ అయ్యాయని, అంటే కనిపించకుండా పోయాయని, ఐసోడెన్స్ సబ్‌డ్యూరల్ కలెక్షన్, అంటే మెదడుకీ పుర్రెకీ మధ్య చేరిన రక్తం ఉండొచ్చని, ఎమ్మారై తీయించమని రాసి ఉంది. ఎప్పుడూ చూసే డాక్టరుకి వెంటనే చూపించమని కౌంటర్లో చెప్పారు కూడా. బాగున్నదాన్ని చూపించడానికి తొందరేముందని వీళ్లు అనుకున్నారు.

రోగీ ఆయన కొడుకూ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు కావాలనే వదిలేశాను. మందుల కన్నా, ఆపరేషన్ కన్నా ఈ కేసులో నన్ను పట్టి కుదిపింది ఒక్క మాట. సల్కస్. మొదటి రిపోర్టులోనూ అదే ఉంది, రెండో రిపోర్టులోనూ అదే ఉంది. రెండుసార్లూ ఆ ఇంట్లో దాని అర్థం తలకిందులైంది. మొదటిసారి తప్పు నాది.

మొదటి స్కాన్

అంతకు ఏడు నెలల ముందు, సంక్రాంతి వెళ్లిన వారానికి ఆయన నా దగ్గరికే వచ్చారు. పొద్దున్న మంచం మీంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయన్నారు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూస్తే లేవగానే బాగా పడిపోతోంది. బీపీ మాత్రల మోతాదు తగ్గించాను, వారంలో కళ్లు తిరగడం ఆగింది. ఇంట్లోవాళ్లు పట్టుబట్టారని ఒక సీటీ స్కాన్ రాశాను. అందులో వచ్చిందల్లా వయసుతో వచ్చే మార్పు. మెదడు కాస్త కుదించుకుంది, సల్కైలు ప్రామినెంట్‌గా ఉన్నాయి. "వయసుకి మామూలే, ఏం లేదు" అని చెప్పి పంపేశాను. అర నిమిషం కూడా పట్టలేదు.

ఇంటికెళ్లి మనవడు రిపోర్టులోని సల్కస్ అన్న మాటని ఫోన్లో కొట్టి చూశాడు. గాడి, చీలిక, పగులు అని వచ్చాయి. ప్రామినెంట్ అంటే పెద్దవి. పెద్ద పగుళ్లు! డాక్టరు భయపెట్టడం ఇష్టం లేక చెప్పలేదని ఇంటిల్లిపాదీ నిర్ణయించుకున్నారు. ఆ రోజు నుంచి ముసలాయన్ని పొలానికి పంపలేదు. బరువు ఎత్తనివ్వలేదు. మామ్మ రోజూ ఆయన మాడున నూనె పెట్టి, పగుళ్లలోకి ఇంకాలని అరగంట కదలనిచ్చేది కాదట. ఇవన్నీ నాకు ఆపరేషన్ అయ్యాక తెలిసాయి. ఆయనే చెప్పారు: "నా బుర్ర బీటలిచ్చీసిందని నాకు ఎవులూ సెప్పనేదు బాబూ. ఆల మొకాలు సూసి నానే కనిపెట్టినాను."

ఏడు నెలలు ఒక మనిషి తన బుర్ర బీటలు వారిన చెరువు మట్టిలా ఉందనుకుంటూ బతికాడు. నేను ఇంకో రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆ ఏడు నెలలూ ఆయన చేలో ఉండేవారు.

అప్పుడే నేను వదిలేసిన విషయం ఇంకొకటి ఉంది. ఆయన చాలా ఏళ్లుగా గుండెకి మంచిదని చిన్న మోతాదు ఆస్పిరిన్ వేసుకుంటున్నారు. గుండెపోటు ఎప్పుడూ రాలేదు, స్టెంట్ లేదు, పక్షవాతం లేదు. అలాంటివాళ్లకి 70 దాటాక ముందుజాగ్రత్త పేరుతో ఆస్పిరిన్ మామూలుగా వాడవద్దని అమెరికా కార్డియాలజీ సంఘాల మార్గదర్శకాలు 2019లోనే చెప్పాయి. చీటీలో ఆ మాత్ర నా కళ్ల ముందే ఉంది. ఆపలేదు.

దూలం

ఆషాఢం చివర్లో గేదెలకి గడ్డి వేద్దామని పశువుల సాలలోకి వంగి వెళ్తూ, లేచేటప్పుడు దూలం తలకి కొట్టుకుంది. రక్తం లేదు, వాపు లేదు. గట్టిగా రుద్దుకుని పని చూసుకున్నారు. ఇంట్లో చెప్పనైనా లేదు. రెండు వారాల తర్వాత పొద్దుట పూట తలనొప్పి మొదలైంది. మాట నెమ్మదించింది. చెప్పిందే చెప్పేవారు. కుడి కాలి చెప్పు ఊడిపోతున్నా తెలిసేది కాదు. పట్నం తీసుకొచ్చి సీటీ తీయించారు. ఎఫేస్ అంటే ఫోన్లో చెరిగిపోవడం అని వచ్చింది. పగుళ్లు చెరిగిపోయాయి! మామ్మ పెట్టిన నూనె పని చేసిందని అందరూ సంతోషపడ్డారు. శనివారం ఆటో మాట్లాడుకుని శ్రీముఖలింగం వెళ్లి మొక్కు తీర్చుకున్నారు. గుడి మెట్ల దగ్గర ఆయన కాలు ఈడ్చారని కొడుకు గమనించాడు గానీ, నీరసం అనుకున్నాడు.

పరీక్ష

నేను చూసేసరికి మనిషి మెలకువగానే ఉన్నారు, కళ్లు తెరిచి ఉన్నాయి, చెప్పింది చేస్తున్నారు. వారం అడిగితే బుధవారం అన్నారు. మెలకువ ఎంత ఉందో 15కి కొలిచే గ్లాస్గో స్కోరు 14. కనుపాపలు రెండూ సమానం. బీపీ 150/90, షుగర్ 118, జ్వరం లేదు. రెండు చేతులూ అరచేతులు పైకి పెట్టి ముందుకు చాపి కళ్లు మూసుకోమన్నాను. పది సెకన్లలో కుడి చెయ్యి లోపలికి తిరుగుతూ మెల్లగా కిందికి దిగింది. అది దిగుతోందని ఆయనకి తెలియలేదు. కుడి అరికాలి మీద గీస్తే బొటనవేలు పైకి లేచింది. రెండూ మెదడు ఎడమ పక్క ఏదో తేడా ఉందన్న గుర్తులే.

అప్పుడు ఫిల్ము తీసి లైటు బోర్డు మీద పెట్టాను. ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను. చిన్న ఊళ్లలో పనిచేసే కుర్ర డాక్టర్లు ఫిల్ము చూడకుండా రిపోర్టు చివరి వాక్యం మాత్రం చదువుతున్నారు, అది నాకు బాధగా ఉంటుంది.

మెదడు చాళ్లలో నీరుంటుంది, సెరిబ్రోస్పైనల్ ఫ్లూయిడ్. సీటీలో నీరు నల్లగా కనిపిస్తుంది. కాబట్టి ఒక్కో చాలూ పుర్రె లోపలి అంచు నుంచి మెదడులోకి దిగే నల్లటి దారంలా ఉంటుంది. ఆయన ఫిల్ములో కుడి పక్క ఆ దారాలు లావుగా, స్పష్టంగా, ఎముక దాకా ఉన్నాయి. ఎడమ పక్క ఒక్కటీ ఎముక దాకా రావడం లేదు. ఎముకకి వేలి మందం దూరంలో ఆగిపోయాయి, చాలాచోట్ల అసలు లేవు. ఎముకకీ అవి ఆగిన చోటుకీ మధ్య ఉన్నది చూడ్డానికి మెదడులాగే బూడిద రంగులో ఉంది. కానీ అది మెదడు కాదు, రక్తం.

తాజా రక్తం సీటీలో తెల్లగా కనిపిస్తుంది. మూడు వారాలు దాటితే మెదడు కన్నా నల్లబడుతుంది. ఒకటి నుంచి మూడు వారాల మధ్య ఒక దశ ఉంది, రక్తమూ మెదడూ ఒకే ఛాయలో ఉంటాయి. ఐసోడెన్స్ అంటే అదే. ఆ రోజుల్లో రక్తాన్ని వెతికితే దొరకదు. చాళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూడాలి, మెదడు రెండు సగాల మధ్య ఉండే నడిమి గీత పక్కకి జరిగిందా చూడాలి. రెండు పక్కలా సమానంగా రక్తం చేరితే నడిమి గీత కూడా జరగదు. అప్పుడు ముఖ్యమైన సాక్ష్యం చాళ్లే. 72 ఏళ్ల మనిషి మెదడు ఇరవై ఏళ్ల కుర్రాడి మెదడులా నిండుగా, చాళ్లు లేకుండా కనిపిస్తే సంతోషించకూడదు, భయపడాలి.

ఈయనకి అలాగే జరిగింది. వయసుతో మెదడు కుదించుకుంటే చాళ్లు వెడల్పవుతాయి. మెదడు పైనుంచి బయటి పొరలోని పెద్ద రక్తమార్గాలకి వెళ్లే సన్నటి సిరలు, బ్రిడ్జింగ్ వెయిన్లు, ఆ ఖాళీలో సాగి ఉంటాయి. దూలం తగిలిన పాటి దెబ్బకి ఒకటి చిట్లింది. ఆస్పిరిన్ వల్ల కారడం త్వరగా ఆగలేదు. లోపల ఖాళీ ఉంది కాబట్టి రెండు వారాలు ఏ బాధా తెలియలేదు. అంటే మొదటి రిపోర్టులోని వెడల్పు చాళ్లే రెండో రిపోర్టులోని మాయమైన చాళ్లకి తోవ వేశాయి.

ఆస్పిరిన్ అప్పటికప్పుడు ఆపించి, తల ఎత్తుగా పెట్టి, దారిలో నోటికి ఏమీ ఇవ్వొద్దని చెప్పి అంబులెన్సులో విశాఖ పంపాను. వంద కిలోమీటర్ల పైమాట. అక్కడ మళ్లీ తీసిన సీటీలో నడిమి గీత కుడివైపు 9 మిల్లీమీటర్లు జరిగి ఉంది. ఆ సాయంత్రమే ఎడమ పక్క పుర్రెకి రెండు చిన్న రంధ్రాలు వేశారు. పాత ఇంజిన్ ఆయిల్ రంగు ద్రవం వచ్చింది. రెండు రోజులు డ్రెయిన్ గొట్టం ఉంచారు. డ్రెయిన్ పెడితే రక్తం మళ్లీ చేరడం 24 శాతం నుంచి 9 శాతానికి తగ్గిందని 2009లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన కేంబ్రిడ్జ్ అధ్యయనం చూపింది. మర్నాడు పొద్దున్నే ఆయన కుడి చేత్తో టీ గ్లాసు పట్టుకున్నారు. ఆరో రోజు ఇంటికి వచ్చారు.

మాట

ఆరు వారాల తర్వాత చూపించుకోవడానికి ముగ్గురూ వచ్చారు. మధ్యాహ్నం పేషెంట్లు ఎవరూ లేని వేళ రమ్మని నేనే చెప్పాను. మనవడు కుంగిపోయి ఉన్నాడు, తాత ప్రాణం మీదికి తెచ్చింది తనే అనుకుంటున్నాడు. ఆ కుర్రాడికి చెప్పాల్సింది చాలా ఉంది నాకు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాడు వాడొక్కడే. డాక్టరు వదిలేసిన పని వాడి నెత్తిన పడింది, చేతనైనంత చేశాడు.

"ఈ మాటకి ఒక్కో చోట ఒక్కో అర్థం ఉంది సార్" అన్నాడు. ఈలోగా బాగా వెతికినట్టున్నాడు. "పళ్ల డాక్టర్లు వాడుతున్నారు. గురుగ్రహం చందమామ మీద కూడా ఉంది. ఏది నిజం?"

అన్నీ నిజమే అన్నాను. సల్కస్ లాటిన్ మాట, అర్థం నాగటి చాలు. రోమన్ రైతు నాగలి కర్రు నేలలో గీసిన గీత. సల్కై దాని బహువచనం. పడవ నీటిని కోసుకుంటూ పోవడాన్ని చెప్పడానికీ లాటిన్ కవులు ఇదే ధాతువుని వాడారు. తర్వాత వైద్యులు ఒంట్లో పొడుగ్గా, సన్నగా, లోతుగా ఎక్కడ గీత కనిపించినా ఈ పేరే పెట్టారు. పంటికీ చిగురుకీ మధ్య సన్నటి సందుంటుంది, అది జింజైవల్ సల్కస్. పళ్ల డాక్టరు సన్నటి కడ్డీ దించి కొలిచేది దాన్నే. 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఆరోగ్యం, లోతు పెరిగితే చిగురు వ్యాధి. గుండె పై గదులకీ కింది గదులకీ మధ్య చుట్టూ తిరిగే గీత కరొనరీ సల్కస్, గుండెకి రక్తం ఇచ్చే ధమనులు అందులోంచి పోతాయి. జబ్బ ఎముక వెనక వాలుగా ఒకటుంది, అందులో రేడియల్ నరం పోతుంది. కుర్చీ వీపు మీద చెయ్యి వేలాడేసి మత్తుగా నిద్రపోయినవాడికి తెల్లారి మణికట్టు లేవదే, ఆ చాలులో నరం నలిగినందుకే.

చందమామల సంగతీ నిజమే. గురుగ్రహపు ఉపగ్రహం గ్యానిమీడ్ మీద మంచు నేల చాళ్లు చాళ్లుగా ఉంటుంది, వాటిలో ఒకదాని పేరు ఉరుక్ సల్కస్. శని ఉపగ్రహం ఎన్సెలాడస్ దక్షిణ ధ్రువం దగ్గర నాలుగు పొడుగాటి చాళ్లున్నాయి: అలెగ్జాండ్రియా, కైరో, బాగ్దాద్, డమాస్కస్. వాటిలోంచి నీటి ఆవిరి, మంచు తుంపరలు ఎగజిమ్ముతున్నాయని 2005లో కసీని అంతరిక్ష నౌక చూసింది. అంత దూరం వెళ్లకపోయినా పర్వాలేదు. మన ఉద్దానం కొబ్బరి పుప్పొడి తీసి మైక్రోస్కోపు కింద పెడితే ఒక్కో రేణువుకీ ఒకే ఒక్క పొడుగాటి గీత ఉంటుంది. వృక్షశాస్త్రంలో దాన్నీ సల్కస్ అనే అంటారు. రేణువు మొలకెత్తితే నాళం బయటికి వచ్చేది అందులోంచే.

ఇన్ని చోట్లకి పోయినా పేరు పెట్టినవాళ్ల మనసులో ఉన్నది పొలమే. ఫోన్ చెప్పిన అర్థాల్లో ఆ పొలం పోయింది. గాడి అంటే మన రైతుకి పశువుల మేత తొట్టి. పగులు అంటే చెడిపోయింది. చీలిక అన్నా అంతే. చాలు అంటే చెడిపోవడం కాదు, పని జరిగిన గుర్తు. సంస్కృతంలో సీత అన్న మాటకి అర్థమే నాగటి చాలు, జనకుడికి ఆమె దొరికిందీ అందులోనే. పొలంలో చాలు ఉందంటే ఎవరైనా భయపడతారా?

మెదడుకి ఈ పోలిక పూర్తిగా అతకదు, ఆ మాటా వాళ్లకి చెప్పాను. పొలంలో కర్రు మట్టిని కోస్తుంది. మెదడుని ఎవరూ కోయలేదు. తల్లి కడుపులో అయిదో నెల దాకా శిశువు మెదడు ఇంచుమించు నున్నగా ఉంటుంది. తర్వాత పై పొర ఉన్న చోటు చాలనంతగా పెరిగి, మడతలు పడి లోపలికి ముడుచుకుంటుంది. పైకి లేచింది గట్టు, గైరస్. లోపలికి దిగింది చాలు, సల్కస్. చాలు అడుగున కూడా పనిచేసే బూడిద పదార్థమే ఉంటుంది. అన్నీ విప్పి పరిస్తే పై పొర దాదాపు 2,000 చదరపు సెంటీమీటర్లు, దినపత్రికలో ఒక పూర్తి పేజీ అంత. అందులో మూడింట రెండు వంతులు చాళ్లలోనే దాగి ఉంది. చాళ్లు లేకుండా పుట్టే బిడ్డలు ఉన్నారు, ఆ జబ్బుని లిసెన్సెఫలీ అంటారు. వాళ్లకి ఎదుగుదల చాలా కష్టం.

పెద్దాయన అంతసేపూ ఏమీ మాట్లాడలేదు. నేను పాత ఫిల్మునీ ఆ వారం తీసిన కొత్త ఫిల్మునీ పక్కపక్కన పెట్టి, నడినెత్తి నుంచి పక్కకి దిగే ఒక చాలు మీద పెన్ను ఆనించాను. అది సెంట్రల్ సల్కస్, ఇటలీ శరీర శాస్త్రవేత్త రోలాండో పేరు మీద కూడా పిలుస్తారు. దానికి ముందున్న గట్టు ఒంటిని కదిలిస్తుంది, వెనకున్న గట్టు తాకిడిని తెలుసుకుంటుంది. ఎడమ పక్క ముందు గట్టు మీద చెయ్యి ఉండే చోట రక్తం అదిమింది కాబట్టే కుడి చేతిలో ముద్ద నిలవలేదు. అప్పుడు ఆయన కుర్చీలోంచి లేచి బోర్డు దగ్గరికి వచ్చారు.

"అంటే సాలు పూడిపోవడం కాదు గదా బాబూ ఇది. వరద నీరు సేను మీదికొచ్చీసి నిలబడిపోనాది. సాలు కిందున్నాది, కనపళ్లేదు. మీరు గండి కొట్టి నీరు తీసినారు."

అంతకన్నా బాగా నేను చెప్పలేను. రక్తం బరువు చాళ్లని అదిమేసింది, చాళ్లలోని నీరు పక్కకి పోయింది, రక్తం తీయగానే మెదడు మెల్లగా లేచింది, చాళ్లు తెరుచుకున్నాయి. "గండి" అన్న మాట అప్పటి నుంచి నేనూ వాడుతున్నాను. పుర్రెకి రంధ్రం వేస్తారంటే సంతకం పెట్టడానికి వణికేవాళ్లు గండి అంటే ఆలోచిస్తున్నారు.

ఆ రోజు ఆయనకి ఇంకో మాట కూడా చెప్పాను, ఆయనకి నచ్చుతుందని. తికమకగా మాట్లాడే స్థితిని మేం డెలీరియం అంటాం. అదీ లాటిన్‌దే, అదీ పొలానిదే. రెండు చాళ్ల మధ్య లేచిన మట్టి వరస లీరా. నాగలి ఆ వరస తప్పి పక్కకి పోతే డెలిరారే. మనం గాడి తప్పాడు అనుకున్నట్టే. ఆయన నవ్వి, సోమవారాన్ని బుధవారం అన్న రోజు తన నాగలి ఎటో పోయిందన్నారు.

ఇప్పుడు

ఆస్పిరిన్ పూర్తిగా మానేశారు. ఆరు వారాల ఫిల్ములో రక్తం పల్చటి పొరలా కొంచెం మిగిలింది, నడిమి గీత మధ్యకి వచ్చింది, ఎడమ పక్క నల్లటి దారాలు మళ్లీ ఎముక దాకా ఉన్నాయి. మూడో నెలలో ఇంకో స్కాన్ చూస్తాం. ఈలోగా తలనొప్పి, మాట తేడా, కాలు ఈడవడం కనిపిస్తే ఆ రోజే రావాలని మనవడి చేత ఫైలు అట్ట మీద తెలుగులో రాయించాను. పశువుల సాల దూలానికి పాత గోనె సంచి చుట్టామని కొడుకు చెప్పాడు.

నా దగ్గరికి వచ్చే ప్రతి తల స్కాను కింద ఇప్పుడు ఒక్క వాక్యం నా చేత్తో తెలుగులో రాస్తున్నాను. పెద్దవాళ్ల మామూలు స్కాన్ అయితే "వయసుతో మెదడు చాళ్లు వెడల్పయ్యాయి, పగుళ్లు కావు, పనికి వెళ్లొచ్చు, తలకి చిన్న దెబ్బ తగిలినా నాకు చెప్పాలి" అని. రాయడానికి నిమిషం పడుతుంది. బయట వరస పెరుగుతుంది, నర్సమ్మ గడియారం చూస్తుంది. అయినా రాస్తున్నాను.

వెళ్లే ముందు పెద్దాయన గుమ్మం దగ్గర ఆగి, వచ్చే ఏరువాక పున్నానికి నాగలి పట్టొచ్చా అని అడిగారు. ఊళ్లో ఇప్పుడు దుక్కి అంతా ట్రాక్టరుదే, కానీ ఆ రోజు మాత్రం ఎద్దులు కట్టి ఒక్క చాలైనా తోలుతారట. మూడో నెల స్కాన్ బాగుంటే పట్టొచ్చని చెప్పాను.